పురుగుల మీద పీహెచ్‌డీ అంటే భయమెందుకండీ?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. స్కిస్టోసోమా అనే పురుగు పైచర్మంలోని ప్రోటీన్లు ఆడదాంట్లో ఎలా ఉంటాయి, మగదాంట్లో ఎలా ఉంటాయి అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఐదారేళ్లు పురుగులతో గడిపితే ఉద్యోగం ఎవరిస్తారు? ఆరు నెలల ‘ఏఐ డ్రగ్ డిస్కవరీ’ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఒకరు పురుగు అంటారు, ఒకరు ఈగ అంటారు, ఇంకొకరు నాచు అంటారు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఇదేనండీ. మీ భయం పురుగు గురించి కాదు. వయసు గడిచిపోతుందేమో, చేతిలో సంపాదన లేక అమ్మాయి ఇబ్బంది పడుతుందేమో అని. అందుకే ముందు డబ్బు సంగతి. జేఆర్ఎఫ్‌లో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. మొత్తం ఐదేళ్ల దాకా వస్తుంది. అది ఆలస్యంగా పడటం మామూలే కాబట్టి చేరేటప్పుడు ఒక ఆరు నెలల ఖర్చు మీరు చేతిలో ఉంచుకోండి. మీవైపు నుంచి కావాల్సిన సాయం అంతే. మీ అమ్మాయి మీకు భారం కాదు, ఇప్పటికే కాదు.

ఇక పురుగు. మన పశువుల్లో కనిపించే కార్జపు జలగకి ఇది దూరపు చుట్టం. కార్జపు జలగలో ఆడ, మగ అవయవాలు రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి. స్కిస్టోసోమాలో మాత్రం ఆడది వేరు, మగది వేరు. మగది తన ఒంటిని మడిచి కాలువలా చేసుకుని, సన్నటి ఆడదాన్ని అందులో పెట్టుకుని మనిషి రక్తనాళంలో ఏళ్ల తరబడి బతుకుతుంది. జత దొరక్కపోతే ఆడది పూర్తిగా ఎదగదు. స్కిస్టోసోమా మాన్సోనీ అనే జాతిలో జతకట్టిన ఆడది రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది. కాలేయంలో, పేగు గోడల్లో ఇరుక్కునే ఆ గుడ్ల వల్లే జబ్బు. 2022లో డాలస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ శాస్త్రవేత్తలు మగ పురుగు తయారుచేసే బీటా-అలనైల్-ట్రిప్టమైన్ అనే చిన్న అణువు ఇస్తే చాలు, జత లేకుండానే ఆడది ఎదిగి గుడ్లు పెడుతుందని చూపించారు. ఆడ, మగ తేడా అర్థమైతే గుడ్లను ఆపే దారి దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో 25 కోట్ల మందికి పైగా ఈ జబ్బుకి ముందుజాగ్రత్త మందు అవసరమైంది. ఉన్న మందు ముఖ్యంగా ప్రాజిక్వాంటెల్ ఒక్కటే. టీకా ఇంకా లేదు. మీ అమ్మాయి ఎంచుకున్నది పనికిమాలిన సంగతి కాదండీ.

ఇప్పుడు ఆ ఆరు నెలల కోర్సు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ప్రతి తల్లీ తండ్రీ దీన్నే పట్టుకుంటున్నారు. కంప్యూటర్ పని వద్దనడం లేదు. కానీ ఆ కోర్సుల్లో చాలావరకు ఎవరో తీసిన డేటాని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, మందు అణువు ప్రోటీన్‌లో ఎలా అతుకుతుందో చూపే రంగురంగుల డాకింగ్ బొమ్మలు తీయడమే నేర్పుతారు. ఈ పురుగులోనే ఒక ఉదాహరణ తీసుకోండి. దీని పైచర్మంలో గ్లూకోజును మోసే రెండు ప్రోటీన్లున్నాయి, ఎస్‌జీటీపీ1, ఎస్‌జీటీపీ4. రెండూ ఒకే కుటుంబానివి. ఎస్‌జీటీపీ4 మన రక్తం తగిలే బయటి పొరలో ఉంటుంది. ఎస్‌జీటీపీ1 అదే చర్మం అడుగున, పురుగు లోపలివైపు ఉంటుంది. రక్తంలో తిరిగే యాంటీబాడీకి అందేది బయట ఉన్న ఎస్‌జీటీపీ4 మాత్రమే. అమైనో ఆమ్లాల వరస చూసి సాఫ్ట్‌వేర్ రెండింటినీ ‘పొరలో ఉండే రవాణా ప్రోటీన్’ అనే అంటుంది. ఏది బయట, ఏది లోపల అన్నది యాంటీబాడీలతో పట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినవాళ్లు తేల్చారు. పురుగును చేత్తో పట్టని మనిషికి ఈ ప్రశ్న అడగాలని కూడా తోచదు. అలాంటి చదువు మీద లక్షలు పెట్టి, చేతిలో ఉన్న ఫెలోషిప్ వదిలేయమంటున్నారు మీరు. జేఆర్ఎఫ్ కోసం ఎంతమంది పిల్లలు ఏళ్ల తరబడి రాస్తున్నారో ఒకసారి వాకబు చేయండి. సాధించిన పిల్లని కూర్చోబెట్టి ‘పురుగులా’ అని ముఖం చిట్లించడం తప్పండీ. ఈ మాట కటువుగానే చెబుతున్నాను.

ల్యాబులో ఆమె చేతికి వచ్చే పని ఎలాంటిదో చూడండి. చిట్టెలుకకి 100–200 సెర్కేరియాలు, అంటే నీళ్లలో ఈదే పిల్ల పురుగులు, ఎక్కించి, ఆరేడు వారాలకు దాని రక్తనాళాల్లోంచి పెద్ద పురుగులను కడిగి తీస్తారు. జతలను మెల్లగా విడదీసి, మంచు మీద అరగంట పాటు, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున, లోపలికి చొరబడని బయోటిన్ రసాయనం పట్టిస్తారు. పైన ఉన్న ప్రోటీన్లకే అది అంటుకుంటుంది. తర్వాత బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో వాటిని పట్టి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి, బరువును బట్టి ప్రోటీన్లను గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడతారు. వినడానికి తేలికే. చెడేది ఇక్కడే. బయోటిన్‌ని ముందుగా నీళ్లలో కలిపి ఉంచితే విరిగిపోతుంది. ట్రిస్ అనే బఫర్ ద్రావణంలో కలిపితే ఆ బఫరే దాన్ని తినేస్తుంది, అందుకే ట్రిస్‌ని చివర్లో, మిగిలిన రసాయనాన్ని ఆపడానికే వాడతారు. విడదీసేటప్పుడు చర్మం చిరిగితే బయోటిన్ లోపలికి పోయి, ఆక్టిన్ లాంటి లోపలి ప్రోటీన్లన్నీ జాబితాకెక్కుతాయి. కాబట్టి పురుగును పలచగా కోసి, బయోటిన్ మెరుపు అంచున మాత్రమే ఉందా అని ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో ముందే చూసుకోవాలి. ఎలుక ఇమ్యునోగ్లోబులిన్లు (యాంటీబాడీలు) కూడా ఒంటికి అంటుకునే వస్తాయి. ఆడ పురుగు మింగిన రక్తం కక్కితే హిమోగ్లోబిన్ వచ్చిపడుతుంది.

అసలు చిక్కు పోలికలో ఉంది. మగది లావు, ఆడది సన్నం. పురుగుల లెక్కన పోలిస్తే మగదాంట్లో అన్నీ ఎక్కువే కనిపిస్తాయి. ప్రోటీన్ బరువు సమం చేసి పోల్చాలి. అప్పుడు కూడా ఆడదాంట్లో గుడ్డు పెంకు ప్రోటీన్లు కలిసిపోయి లేని తేడా చూపిస్తాయి. పైగా జతకట్టిన మగ, జతలేని మగ, జతకట్టిన ఆడ, జతలేని ఆడ అని నాలుగు గుంపులు కావాలి. లేకపోతే కనిపించిన తేడా లింగం వల్ల వచ్చిందా, జత వల్ల వచ్చిందా చెప్పలేం. ఈ పురుగు పిల్లలు ముందు నత్తలో పెరుగుతాయి. జతలేనివి కావాలంటే ఒక్కో నత్తకి ఒక్కో మిరాసిడియం, అంటే గుడ్డులోంచి వచ్చే పిల్ల, మాత్రమే ఎక్కించాలి. అలాంటి నత్తలోంచి వచ్చే సెర్కేరియాలన్నీ ఒకే లింగానివి. ఆడదానికి జెడ్‌డబ్ల్యూ, మగదానికి జెడ్‌జెడ్ క్రోమోజోములు కాబట్టి, ఏ లింగమో డబ్ల్యూ మీది డీఎన్ఏ వరసకి పీసీఆర్ పరీక్ష చేసి తేలుస్తారు.

అన్నట్టు, ఈ పని వల్ల ఇంటికి జబ్బు రాదు. పెద్ద పురుగు ఎవరికీ అంటదు. నీళ్లలోని సెర్కేరియాలే చర్మం గుండా దూరతాయి. గ్లవుజులు, పొడుగు చేతుల కోటు వేసుకోవాలి, ఒలికిన చోట 70 శాతం ఆల్కహాల్ పోస్తే చస్తాయి.

ఉద్యోగం మాటకొస్తే, ‘స్కిస్టోసోమా నిపుణులు కావలెను’ అని మన దగ్గర ప్రకటన రాదు. యూనివర్సిటీ పోస్టులూ తక్కువే. కానీ ఐదేళ్లలో నేర్చే మాస్ స్పెక్ట్రోమెట్రీ, పొర ప్రోటీన్ల శుద్ధి, డేటా విశ్లేషణ పురుగుతో ఆగిపోవు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాలు, బయోసిమిలర్లు (జీవ ఔషధాల నకళ్లు) చేసే కంపెనీలు మందులో మిగిలిపోయిన కణాల ప్రోటీన్లను ఇదే పద్ధతిలో వెతుకుతాయి. బయటి దేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) కావాలంటే ఈ పురుగు మీద పనిచేసే ల్యాబులు జర్మనీలో గీసెన్‌లో, అమెరికాలో డాలస్‌లో ఉన్నాయి.

అమ్మాయికి ఒక మాట. మాన్సోనీ పురుగు, దాన్ని మోసే బయోమ్‌ఫలేరియా నత్త ఆఫ్రికా, దక్షిణ అమెరికా సంగతులు. మన చెరువుల్లో ఇండోప్లానార్బిస్ నత్త ఉంది, అది మోసే స్కిస్టోసోమా స్పిండాలే పశువుల పేగు రక్తనాళాల్లో దొరుకుతుంది. ముక్కులో చేరి పశువుకి గురక తెప్పించే స్కిస్టోసోమా నేసేల్ కూడా మనదే, 1933లో రావు గారు వర్ణించినది. కబేళా నుంచి పురుగులు తెచ్చుకోగల గైడ్ అయితే పని నిలవదు. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాల్లో, హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ (ఎన్ఐఏబీ)లో ముందు అడిగి చూడమనండి. చేరకముందే ప్రైడ్ అనే ప్రోటీన్ డేటాబేస్‌లో ఈ పురుగుల డేటా దించుకుని, వార్మ్‌బేస్ పారాసైట్ అనే వెబ్‌సైట్‌లోని ప్రోటీన్ల వరసలతో, ఉచితంగా దొరికే మాక్స్‌క్వాంట్ సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూడమనండి. కంప్యూటర్ పని ఆమెకి అక్కడే, ఖర్చు లేకుండా వస్తుంది.

గైడ్‌ని మూడు సంగతులు అడగాలి: పురుగులు ఎక్కడినుంచి వస్తాయి, మాస్ స్పెక్ట్రోమీటర్ మీద నెలకు ఎన్ని రోజులు దొరుకుతుంది, ముందటి విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు. ఫెలోషిప్ లెటర్‌లో చేరడానికి గడువు రాసి ఉంటుంది, అది దాటకముందే కలవాలి. మీరూ తోడు వెళ్లండి. గదిలోకి మాత్రం ఆమెనే వెళ్లనివ్వండి.