కీళ్లవాతానికి బయోలాజిక్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు టీబీ పరీక్ష ఎందుకు చేస్తారు?

శరీరంలో నిద్రాణంగా ఉన్న టీబీ క్రిములు ఈ మందుల వల్ల మళ్లీ విజృంభించే ప్రమాదం ఉంది కాబట్టి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి బయోలాజిక్ (జీవకణాల సాయంతో తయారుచేసే మందు) ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు.

ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేస్తుంది. ఆ దాడిలో టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ది ప్రధాన పాత్ర. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి బయోలాజిక్‌లు దాన్ని అడ్డుకోవడంతో కీళ్ల వాపు, పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం తగ్గుతాయి. అయితే ఊపిరితిత్తుల్లో ఎప్పుడో చేరిన టీబీ క్రిముల చుట్టూ రక్షణ కణాలు గుమిగూడి కట్టిన గోడ నిలబడాలన్నా అదే టీఎన్ఎఫ్ కావాలి. అది అందకపోతే గోడ సడలి, క్రిములు బయటపడతాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ జాగ్రత్తను ఏమాత్రం తేలికగా తీసుకోకూడదు.

ఉదాహరణకు, రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాముల అడాలిముమాబ్ తీసుకోవాల్సిన రోగికి దగ్గు, జ్వరం లేవు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది, కానీ ఒంట్లో టీబీ క్రిములు చేరాయేమో చూసే ఇగ్రా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందనుకుందాం. అప్పుడు వైద్యులు ముందుగా ఐసోనియాజిడ్ వంటి నివారణ మందు మొదలుపెట్టి, సాధారణంగా కనీసం ఒక నెల గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. నివారణ కోర్సును మాత్రం చివరిదాకా పూర్తిచేయాలి.

పాజిటివ్ వస్తే టీబీ జబ్బు ఉన్నట్లేననీ, ఇక బయోలాజిక్ వాడే వీలే లేదనీ చాలామంది బెంగపడతారు. ఈ రెండూ సరికావు. నెగటివ్ వస్తే ఇక భయం లేదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో పరీక్ష ఫలితం తప్పు రావచ్చు. ఇంజెక్షన్ కాదు కదా అని, ఇదే కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్ మాత్రలకు ఈ పరీక్షను మానుకోవడం కూడా తగదు.