బోటు లైసెన్సుకి ఎంత కట్టాలి?

చేపలు, చెరువులు, సముద్రం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకి మత్స్యశాఖలో పనిచేసి రిటైరై, నల్లకుంటలో స్థిరపడిన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: మాది కాకినాడ. ఉద్యోగం వల్ల మియాపూర్‌లో ఉంటున్నాను. మా బావమరిది నడిపే మరబోటులో నా డబ్బు కూడా కొంత ఉంది. బోటు పొడవును బట్టి లైసెన్సు ఫీజు వేయడం ఎంతవరకు న్యాయం? మా బోటు ఏడాదిలో సగం రోజులు రేవులోనే ఉంటుంది. అంతే పొడవున్న పక్క బోటు మాకంటే రెండింతల చేప తెస్తుంది. ఇద్దరికీ ఒకే రేటంటే ఒళ్లు మండుతోంది. అసలు ఎలా పెడితే న్యాయం?

జవాబు: మీ మంటలో న్యాయం ఉంది. మీ బోటు సగం రోజులు రేవులో ఎందుకుంటోందో మీ బావమరిదిని విడిగా అడగండి, అది వేరే సంగతి.

పొడవు మీద ఫీజు వేయడానికి కారణం సులువు. టేపు పెట్టి కొలిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఎవరూ బుకాయించలేరు. చిక్కల్లా చేపను పట్టేది పొడవు కాకపోవడమే. అదే బోటులో పాత ఇంజిన్ తీసేసి రెండింతల హార్స్‌పవర్‌ది బిగిస్తారు. అప్పుడు ఇంకా పెద్ద వల లాగొచ్చు, ఇంకా లోతుకి పోవచ్చు. లైసెన్సు పుస్తకంలో మాత్రం పొడవు ఎప్పటి పొడవే.

నా ఉద్దేశంలో మనం ఫీజు అనేదాంట్లో రెండు రకాల డబ్బు కలిసిపోయింది. ఒకటి ఆఫీసు ఖర్చు: బోటును చూసిరావడం, నంబరు ఇవ్వడం, పుస్తకం రాయడం, తీరంలో గస్తీ తిరగడం. దానికి ఎంతయితే అంత తీసుకోవాలి, అందరికీ ఒకటే ఉన్నా తప్పు లేదు. రెండోది కౌలు. సముద్రంలో చేప ఎవరి సొంతమూ కాదు. అందరి సొమ్మును ఒకరు పట్టి అమ్ముకుంటున్నప్పుడు అందులో కొంత అందరికీ చెందాలి. ఈ కౌలు మాత్రం ఎంత పట్టారన్న దాన్ని బట్టి మారాలి. మీ కోపం దీని గురించే.

అలాగైతే పట్టిన చేప విలువలో ఇంత శాతం అని పెడితే సరిపోదా? ఐస్‌లాండ్‌లో 2018 చట్టం ప్రకారం వేట లాభంలో 33 శాతం ఫీజుగా తీసుకుంటారు. అక్కడ ఒడ్డున దిగిన ప్రతి కిలో కాటాకెక్కుతుంది, లెక్క సర్కారుకి చేరుతుంది. మన రేవు సంగతి మీకు తెలిసిందే. తెల్లారకముందే చేపను నేల మీద కుప్పలు పోస్తారు. పాట పాడేవాడు ఒక ధర అరుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు వేళ్లతోనో తల ఊపో జవాబిస్తారు, అర నిమిషంలో కుప్ప చేతులు మారుతుంది. తూకం లేదు. ఎంతకి పోయిందో కమిషన్ వ్యాపారి చిట్టాలో ఉంటుంది, ఆ చిట్టా ఆయన జేబులో ఉంటుంది. బోటుకి అడ్వాన్సు ఇచ్చింది ఆయనే అయితే ఆ ధర కూడా అసలు ధర కాదు. ఇలాంటి చోట శాతం పెడితే నిజం చెప్పినవాడు ఎక్కువ కడతాడు, దాచినవాడు తక్కువ కడతాడు.

అందుకే నేను రోజుల లెక్క వైపు మొగ్గుతాను. పసిఫిక్‌లో నౌరు ఒప్పందంలో ఉన్న ఎనిమిది దేశాలు (పపువా న్యూ గినీ, కిరిబాటి, తువాలు వగైరా) ట్యూనా ఓడలకి వేట రోజులే అమ్ముతాయి. ఏడాదికి మొత్తం ఎన్ని రోజులో ముందే తేల్చుకుని పంచుకుంటాయి. 2012లో రోజుకి కనీస ధర 5,000 డాలర్లు, 2015కి 8,000 డాలర్లు అయింది. మన బోట్లకి ఆ రేట్లు ఎలాగూ కుదరవు, పద్ధతి మాత్రం పనికొస్తుంది. బోటు రేవు దాటేటప్పుడు ఒక టోకెన్, తిరిగొచ్చినప్పుడు దాని మీద ఒక ముద్ర. ఇంజిన్ హార్స్‌పవర్‌ని బట్టి రోజు రేటు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధమే కదా, ఆ రోజులకి ఎవరూ కట్టక్కర్లేదు. మీ బోటులాగా రేవులో నిలబడ్డదానికీ భారం ఉండదు.

దీనికి ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలిపే పెట్టెలు) వాడుకోవచ్చని కొందరంటారు. కేంద్రం 2024 ఆగస్టులో 364 కోట్లతో లక్ష బోట్లకి వాటిని బిగించే పని మొదలుపెట్టింది. నాకు ఆ ఆలోచన నచ్చదు. ఆ పెట్టె ఉన్నది తుఫాన్లో మనిషి ప్రాణం కాపాడటానికి. దాంతోనే ఫీజు లెక్కేస్తారని తెలిస్తే సరంగు (బోటు నడిపేవాడు) చేసే మొదటి పని దాన్ని ఆపేయడం.

రెండు సంగతులు మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల డీజిల్‌కి లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక వేటకి 2,000 లీటర్లు పోస్తే 18,000 రూపాయలు. ఎక్కువ రోజులు తిరిగి, ఎక్కువ నూనె కాల్చినవాడికే ఎక్కువ సబ్సిడీ. ఒక చేత్తో కౌలు తీసుకుంటూ ఇంకో చేత్తో ఇలా ఇస్తుంటే ఫీజు ఎంత జాగ్రత్తగా పెట్టినా ఏం లాభం? ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి లెక్క చూడాలి.

ఇక రెండోది, నాకు ముఖ్యమైనది. వేట నుంచి రాగానే అమ్మకంలోంచి డీజిల్, ఐసు, తిండి ఖర్చు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు. కొందరు ఓనర్లు లైసెన్సు ఫీజునీ ఆ ఖర్చుల్లో కలిపేస్తారు. అంటే కలాసీ (బోటులో పనిచేసేవాడు) కూలిలోంచి కూడా కొంత పోయినట్టే. లైసెన్సు బోటుది. బోటు అమ్మితే దాంతోపాటు పోయే విలువ అది. కాబట్టి ఫీజు ఓనరు వాటాలోంచే పోవాలి. ఓనర్లలో మీరూ ఉన్నారు కనుక ఈ మాట మీకు నచ్చకపోవచ్చు.

ప్రశ్న: ఫీజులు పెంచితే వంజరం ధర ఇంకా పెరుగుతుందా? రాంనగర్ మార్కెట్‌లో ఇప్పటికే ముట్టుకోనివ్వడం లేదు. (ఒక గృహిణి, విద్యానగర్)

జవాబు: అమ్మా, ఒక లెక్క వేద్దాం. బోటు ఏడాదికి 20 టన్నులు తెచ్చి 20,000 కట్టిందనుకోండి, కిలోకి రూపాయి పడుతుంది. అది కూడా మీ దాకా వచ్చే అవకాశం తక్కువ, ఎందుకంటే రేవులో ధర పాటలో తేలుతుంది, బోటు ఓనరు తన ఖర్చు చూపించి పెంచుకోలేడు. మీకు భారమయ్యేది ఐసు, లారీ, నాలుగు చేతులు మారడం. మృగశిర కార్తె కూడా. కార్తె వచ్చేది జూన్ 8 ప్రాంతంలో, తూర్పు తీరంలో వేట నిషేధం తీరేది జూన్ 14న. ఊరంతా చేప కావాలనే రోజునే సముద్రపు చేపకి కరువు. ఆ వారం వంజరం జోలికి పోకండి. బొచ్చె, రోహు కొల్లేరు వైపు చెరువుల నుంచి వస్తాయి. వాటికి ఈ ఫీజుతో సంబంధమే లేదు. దొరికితే కొర్రమీను తెచ్చుకోండి.

ప్రశ్న: చేసిన సేవకి మించి లైసెన్సు ఫీజు వసూలు చేస్తే కోర్టులో నిలుస్తుందా సార్? (లా విద్యార్థి, తార్నాక)

జవాబు: బాబూ, నీకు చదువుకోవడానికి మన ఊరి కేసే ఉంది. మునిసిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఫీజు పెంచిందని సికింద్రాబాద్, హైదరాబాద్ హోటళ్ల యజమానుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో తీర్పు సంఘానికి వ్యతిరేకంగా వచ్చింది. సేవకి బదులుగా తీసుకునే ఫీజు వేరు, అదుపు కోసం తీసుకునే ఫీజు వేరు, రెండోదానికి కట్టిన ప్రతి రూపాయికీ సేవ చూపించక్కర్లేదు, అయితే మరీ మితిమీరకూడదు అన్నారు. 1954 నాటి శిరూర్ మఠం కేసులో ఫీజుకి, పన్నుకి పెట్టిన గీత ఇంత మెత్తగా లేదు, ఫీజంటే సేవకి బదులుగా తీసుకునేదే అన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

బోట్ల లైసెన్సు ఈ రెండో రకానికి దగ్గర. అలాగని మన వైన్ షాపుల్లాగా చూడకూడదు. 2025లో తెలంగాణలో దుకాణానికి దరఖాస్తు పెట్టడానికే 3 లక్షలు కట్టారు, లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. అక్కడ సర్కారు అమ్ముతున్నది తన సొంత హక్కు. వేట అలా కాదు, తరతరాలుగా వస్తున్న బతుకుతెరువు. లైసెన్సులకి వేలం పెట్టమనే ఆర్థికవేత్తలు ఈ తేడా మర్చిపోతారు. వేలంలో పాట గెలిచేది వల తెలిసినవాడు కాదు, ఫైనాన్స్ ఉన్నవాడు. చెరువుల పాటల్లో ఇది చూడనివాళ్లుంటే ఏ మత్స్య సహకార సంఘం మెంబరునైనా అడగండి.

ప్రశ్న: లోతు సముద్రంలో విదేశీ ఓడలకి లైసెన్సులిచ్చి భారీగా వసూలు చేయొచ్చు కదా? (ఎల్.బి. నగర్ పాఠకుడు)

జవాబు: 1991లో విదేశీ భాగస్వామ్యంతో ఆ దారి తెరిచారు. దేశమంతా మత్స్యకారులు సమ్మెలు చేశారు, మురారి కమిటీ వేశారు, దాని సిఫార్సు మీద ఆ విధానాన్ని ఎత్తేశారు. పసిఫిక్ ద్వీపాలకి డబ్బొచ్చిందంటే వాళ్లు రోజులకి హద్దు పెట్టి, ఎనిమిది దేశాలూ ఒకే మాట మీద నిలబడ్డారు. హద్దు లేకుండా ఫీజు ఒక్కటే పెంచితే డబ్బున్నవాడు కట్టేసి, కట్టినదంతా రాబట్టుకోవడానికి ఇంకా ఎక్కువ పడతాడు. మన బోట్లకీ అంతే. ముందు ఎన్ని బోట్లో తేలాలి, ఫీజు మాట ఆ తర్వాత.

ప్రశ్న: మా అన్నది చిన్న ఫైబర్ తెప్ప, ఇంజిన్ ఉంది. ఇప్పుడు కేంద్రం పాస్ కూడా తీసుకోవాలంటున్నారు. ఎంత కట్టాలి? (ఉప్పల్‌లో ఉంటున్న శ్రీకాకుళం పాఠకుడు)

జవాబు: ఏమీ కట్టక్కర్లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా రాష్ట్రం పరిధి, అక్కడ 1994 ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట చట్టం నడుస్తుంది. ఆ పైన 200 మైళ్ల వరకు కేంద్రానిది. ఆ భాగానికి 2025 నవంబరులో ఇచ్చిన నిబంధనల్లో మరబోట్లు, పెద్ద మోటారు బోట్లు యాక్సెస్ పాస్ తీసుకోవాలన్నారు, అది ఉచితం. మీ అన్నలాంటి సంప్రదాయ మత్స్యకారులకి ఆ పాసే అవసరం లేదు. ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగమనండి. తెప్ప రిజిస్ట్రేషన్, లైసెన్సు మాత్రం సరిగా ఉంచుకోవాలి. నిషేధ కాలపు భృతికీ, డీజిల్ సబ్సిడీకీ ముందుగా అడిగేవి ఆ కాగితాలే.