14 అడుగుల ఫైబర్ బోటుకు ఏ ట్రోలింగ్ మోటార్ సరిపోతుంది?

అనంతపురం జిల్లా పీఏబీఆర్ జలాశయంలో వలలు వేసే మీ 14 అడుగుల ఫైబర్ బోటుకు బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటార్ 55 పౌండ్లది కొనాలా, 86 పౌండ్లదా అని అడిగారు. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ పనికొస్తుందా, రేపు పుట్టికి కూడా బిగించుకోవచ్చా అన్నారు. గండికోట జలాశయంలో, కొండాపురం వైపు నాదీ ఇలాంటి బోటే. 55 చాలు, అన్నా. మిగిలే డబ్బు బ్యాటరీ మీద పెట్టండి.

పౌండ్ల అంకె అంటే హెచ్‌పీ కాదు, మోటార్ బోటును ఎంత బలంగా తోస్తుందో చెప్పే లెక్క. 55 పౌండ్లంటే దాదాపు 25 కిలోల తోపు. ప్రతి 45 కిలోల బరువుకు 2 పౌండ్లు ఉండాలని మామూలుగా చెప్తారు. బోటు, ఇద్దరు మనుషులు, వలలు, ఐసు పెట్టె, బ్యాటరీ, పడిన చేపలు అన్నీ కలిపి 450 కిలోలు అనుకుందాం. 20 పౌండ్లకే కదులుతుంది. అయితే అది గాలి లేని నీళ్ల మీద లెక్క. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఎలా కొడుతుందో అనంతపురం వాళ్లకు నేను చెప్పాలా? మీ గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. అందుకే ఆ 20ని రెట్టింపు చేసి, పైన ఇంకాస్త వేసుకోవాలి. 45కీ 55కీ మధ్య తేలుతుంది.

86 పౌండ్లదైతే బోటు పరుగెత్తుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఈ మోటార్లన్నీ నిదానంగా తోయడానికి చేసినవే. ఏది బిగించినా బరువున్న బోటు గంటకు ఐదారు కిలోమీటర్లు, మహా అయితే ఇంకొంచెం. పెద్దది ఎదురుగాలిలో గట్టిగా నిలబడుతుంది, నిజమే. కానీ దానికి సాధారణంగా 24 వోల్టులు కావాలి. అంటే రెండు బ్యాటరీలు, ఆ బరువు, రెండింటి చార్జింగు.

అసలు చూసుకోవాల్సింది బ్యాటరీ. 55 పౌండ్ల మోటార్ ఫుల్ స్పీడులో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది కాబట్టి ఫుల్‌లో గంట కూడా నమ్మకం లేదు. సగం స్పీడులో పెడితే అదే బ్యాటరీ రెండు గంటలు దాటుతుంది. వేగం కొంచెం తగ్గించినా కరెంటు వాడకం బాగా పడిపోతుంది. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే ఏమీ తెలీదు. టెన్షన్ అంతా తిరిగొచ్చేటప్పుడే. మూడో వంతు చార్జి పోవడానికి, మిగతాది రావడానికి అని పెట్టుకోండి. బోటులో రెండు తెడ్లు, లైఫ్ జాకెట్లు ఎప్పుడూ ఉండాలి.

మీ ఇన్వర్టర్ బ్యాటరీ ట్యూబులర్ అయితే పని చేస్తుంది, కానీ 150 ఏహెచ్‌ది 50 కిలోల పైమాటే. కట్ట దిగి మోసేటప్పుడు నడుము సంగతి తెలుస్తుంది. యాసిడ్ ఒలికే భయం వేరే. కారు, ట్రాక్టర్ బ్యాటరీల జోలికి పోవద్దు, అవి ఇంజన్ స్టార్ట్ చేయడానికే. బడ్జెట్ తక్కువైతే బ్యాటరీ ఆటోలకు వేసే రకం తీసుకోండి. వీలైతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 100 ఏహెచ్ 12 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, చార్జి కూడా దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కొనే ముందు లోపలి బీఎంఎస్ (కరెంటు మితిమీరితే బ్యాటరీని ఆపేసే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లదో తప్పకుండా అడగండి. మా వైపు ఒకాయనకు 50 ఆంపియర్లది అంటగట్టారు. ఎదురుగాలిలో ఫుల్ పెట్టగానే టక్కున ఆగిపోయేది. 100 ఆంపియర్లది ఉండాలి. ఎండలో వేడెక్కిన బ్యాటరీని ఇంటికి రాగానే చార్జింగుకు పెట్టకుండా నీడలో చల్లారనివ్వండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ లిథియంకు మంచిది కాదు.

మోటార్‌లో ఐదు గేర్ల స్విచ్చు ఉన్న రకం కంటే యాక్సిలరేటర్‌లా కొద్దికొద్దిగా తిప్పే రకం మేలు. ఆ ఐదు గేర్ల రకంలో తక్కువ స్పీడులో కూడా కరెంటు వేడిగా వృథా అవుతుంది. ఉప్పునీటి మోడల్‌కు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, మనవి మంచినీళ్లే. బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకర్, మందమైన రాగి వైరు మాత్రం మానొద్దు. సన్న వైరైతే అదే వేడెక్కి మోటార్ నీరసిస్తుంది. షాఫ్ట్ (ఫ్యానును నీళ్లలోకి దించే కడ్డీ) పొడవు చూసేటప్పుడు బోటు వెనక పలక పైఅంచు నుంచి నీళ్ల దాకా కొలవండి, ఫ్యాను ఇంకో 30 సెంటీమీటర్లు మునగాలి.

వలల వాళ్లకు అసలు శత్రువు నైలాన్ దారం. వల మీద తేలే బెండ్లు కనపడగానే మోటార్ పైకెత్తి తెడ్డు వేయండి. అయినా తెగిన దారాలు ఎక్కడో చుట్టుకుంటూనే ఉంటాయి. అప్పుడప్పుడూ ఫ్యాను నట్టు విప్పి, అడ్డంగా ఉన్న పిన్ను జాగ్రత్తగా లాగి, ఫ్యాను బయటికి తీసి చూడండి. ఇరుసు మొదట్లో, ఆయిల్ సీల్ దగ్గర, వెంట్రుకంత దారం బిగుసుకుని ఉంటుంది. అలాగే వదిలేస్తే సీల్ కోసుకుపోయి మోటార్లోకి నీళ్లు దిగుతాయి. ఆ పిన్నూ నట్టూ ఒక జత అదనంగా డబ్బాలో పడేసుకోండి. మా గండికోటలో నీళ్లు తగ్గినప్పుడు మునిగిన ఊళ్ల గోడలు, తుమ్మ మోడులు పైకి వస్తాయి. అలాంటి చోట షాఫ్ట్ కాలర్ వదులు చేసి మోటార్‌ను కొంచెం పైకి జరుపుకుని పోతాం.

పుట్టి సంగతి. అది గుండ్రం కదా, వెనక నుంచి తోస్తే ముందుకు పోకుండా తిరుగుతుంది. ముందువైపు అడ్డపలక గట్టిగా కట్టి, దాని మధ్యలో మోటార్ బిగిస్తే లాక్కుపోతుంది. 30 పౌండ్లది చాలు. అల్లిన పుట్టి అంచుకు నేరుగా క్లాంపు బిగిస్తే మాత్రం వెదురు చిట్లుతుంది, ఆ పని చేయొద్దు.