చిగుళ్లలోనే యాంటీబాడీలు తయారవుతుంటే జబ్బు ఎందుకు తగ్గడం లేదు?

మీ చిగుళ్ల బయాప్సీ రిపోర్టులో ప్లాస్మా కణాలు ఎక్కువగా ఉన్నాయని రాశారు, అవి యాంటీబాడీలు తయారుచేసే కణాలని తెలిశాక ‘మరి జబ్బు ఎందుకు తగ్గదు, రక్తపరీక్ష చేయించాలా’ అని అడిగారు. ముదిరిన చిగుళ్ల జబ్బులో ఆ కణాలు గుంపులుగా కనిపించడం మామూలే. ఆ ఒక్క మాటకే టెన్షన్ పడకండి, రిపోర్టు మొత్తం మీ డాక్టరుతో చదివించుకోండి.

దంతవైద్యంలో పీజీ చేసేటప్పుడు ఇలాంటి స్లైడ్లు చాలా చూశాను. ప్లాస్మా కణంలో కేంద్రకం ఒక పక్కకి జరిగి, బండిచక్రం ఆకుల్లా గీతలతో ఉంటుంది. ఒకసారి గుర్తుపట్టడం వస్తే ఇక మరిచిపోలేం. అయినా ఆ యాంటీబాడీలు అక్కడే తయారయ్యాయా, రక్తంలోంచి ఊరి వచ్చాయా అన్నది స్లైడు చూసి పూర్తిగా తేలదు. అందుకే పంటికీ చిగురుకీ మధ్య ఊరే ద్రవాన్ని సన్నటి కాగితపు ముక్కతో తీసి, రక్తంతో పోల్చేవాళ్లం. ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ చిగుళ్లలో తయారవదు, రక్తంలోంచే రావాలి. దాంతో పోల్చినప్పుడు ఒక సూక్ష్మజీవి మీద యాంటీబాడీ రక్తంలో కన్నా ఆ ద్రవంలోనే ఎక్కువ ఉంటే, అది అక్కడే తయారైనట్టు. ఒకే నోట్లో ఒక పంటి దగ్గర అలా ఉండి, పక్క పంటి దగ్గర లేకపోవడం నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. రక్తపరీక్ష ఈ తేడాని చూపించలేదు కాబట్టి, ఈ ప్రశ్న కోసం మీకది అక్కర్లేదు.

ఇక తగ్గకపోవడం సంగతి. పంటి వేరు మీద గట్టిగా అంటుకున్న పాచి ఒక జిగురు పొరలా ఉంటుంది, యాంటీబాడీలు దాని లోపలికి సరిగా చేరలేవు. పైగా పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా యాంటీబాడీలనే ముక్కలు చేసే ఎంజైములు వదులుతుంది. శత్రువు పోదు, పోరు ఆగదు. ఆ పోరు సాగినకొద్దీ బి కణాలు (ప్లాస్మా కణాలుగా మారేవి ఇవే) ఆర్‌ఏఎన్‌కేఎల్ అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాంతో పంటిని పట్టుకున్న ఎముక కరగడం మొదలవుతుంది. నొప్పి లేకుండానే జరుగుతుంది కాబట్టి చాలామంది పళ్లు కదిలేదాకా రారు, అదే నాకు బాధ.

కాబట్టి గారని, చిగురు లోపలి పాచిని డాక్టరు దగ్గర పరికరాలతో తీయించాల్సిందే. డీప్ క్లీనింగ్ తర్వాత వాపు తగ్గి, రక్తం కారడం ఆగిన చిగుళ్లను నేను ఎన్నో చూశాను. మీకు షుగర్ ఉందా, సిగరెట్ అలవాటుందా అన్నది రాయలేదు. రెండూ ఈ జబ్బుని పెంచుతాయి, డాక్టరుకి తప్పకుండా చెప్పండి. క్లీనింగ్‌కి ముందు ప్రతి పంటి దగ్గరా పాకెట్ (పంటికీ చిగురుకీ మధ్య సందు) లోతు మిల్లీమీటర్లలో రాయించుకోండి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. 3 మిల్లీమీటర్ల లోపుకి వచ్చి రక్తం కారకపోతే అక్కడ చిగురు కోలుకున్నట్టే. 6 దగ్గరే ఆగిపోతే, సర్జరీ అవసరమా అని అడగండి.