బ్రిటన్‌లో టీవీ లేకుండా లాప్‌టాప్‌లో తెలుగు చానళ్ళు లైవ్‌గా చూస్తే టీవీ లైసెన్సు కావాలా?

మీరు లండన్‌కు కొత్తగా వచ్చారు, గదిలో టీవీ లేదు, కొనే ఆలోచన కూడా లేదు, ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు కాసేపు లాప్‌టాప్‌లో ఏదో ఒక తెలుగు వార్తా చానల్‌ను యూట్యూబ్‌లో లైవ్‌గా చూస్తారు. అటువంటప్పుడు టీవీ లైసెన్సు (టీవీ ప్రసారాలు చూసేవారు బీబీసీ కోసం ఏటా కట్టవలసిన రుసుము) తీసుకోమని వచ్చిన ఉత్తరాన్ని పట్టించుకోవాలా అని అడిగారు. పట్టించుకోవాలి. టీవీ లేని ఇంటికి టీవీ లైసెన్సు ఏమిటన్న వాదన వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే 2024 జూన్ 4వ తేదీ ఉదయం పదిన్నర వరకు నేనూ దానినే నమ్మాను, నమ్మడమే కాక మరో ఇద్దరికి సలహాగా కూడా చెప్పాను.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఓట్ల లెక్కింపు. అక్కడ ఉదయం 8 గంటలకు మొదలైన లెక్కింపు మాకు తెల్లవారుజామున మూడున్నరకే మొదలైంది. రెడింగ్‌లోని మా ఇంటి ముందు గదిలో ఇద్దరు మిత్రులు, మా బావమరిది, నేను రాత్రి నుంచే చేరి, లాప్‌టాప్‌ను పెద్ద మానిటర్‌కు తగిలించి, ఒక తెలుగు చానల్ లైవ్ పెట్టుకొని కూర్చున్నాము. తెల్లవారేసరికి రెండు విడతల కాఫీ, ఒక విడత ఉప్మా అయిపోయాయి. మధ్యమధ్యలో తెనాలి నుంచి నాన్నగారు ఫోను చేస్తున్నారు. ఆయన ఇంట్లో కేబుల్‌లో కనిపించిన సంఖ్య మాకు యూట్యూబ్‌లో కనిపించడానికి అర నిమిషం పైనే పట్టేది. "ఒరేయ్, పన్నెండో రౌండు అయిపోయిందిరా, మీ దాంట్లో ఇంకా పదకొండేనా?" అని ఆయన అడిగినప్పుడల్లా మేము ఆ ఆలస్యాన్ని తిట్టుకొనేవాళ్ళం.

పదిన్నరకు తలుపు తట్టారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకొన్న ఒక పెద్దమనిషి వానలో గొడుగు పట్టుకొని నిలబడి, ఈ చిరునామాకు టీవీ లైసెన్సు లేదని, ఇంట్లో ఎవరైనా టీవీ చూస్తున్నారా అని చాలా మర్యాదగా అడిగారు. ఇంట్లో టీవీ లేదని నేను ధైర్యంగా చెప్పాను. సరిగ్గా ఆ క్షణానే లోపల యాంకర్ ఎవరి ఆధిక్యమో గొంతు చించుకొని ప్రకటించడం, మా వాళ్ళు ఒక్కసారిగా కేక వేయడం జరిగాయి. ఆయనకు తెలుగు రాదు. అయినా ఆ కేక సినిమా చూసేవాళ్ళు వేసే కేక కాదని అర్థం చేసుకోవడానికి భాష అక్కరలేదు. అది లైవా అని మాత్రమే అడిగారు. అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

లోపలి నుంచి మా మిత్రుడొకడు వచ్చి వాదనకు దిగాడు. ఇది టీవీ కాదు, కంప్యూటరు. ఇది బ్రిటిష్ చానల్ కాదు, హైదరాబాదు చానల్. పైగా ఇది లైవ్ కూడా కాదు, ముప్పై నలభై సెకన్లు వెనుక ఉంది, కావాలంటే అన్నయ్య వాళ్ళ నాన్నగారిని అడగండి అన్నాడు. ఆ పెద్దమనిషి నవ్వారే తప్ప వాదించలేదు. నా వివరాలు రాసుకొని, జరిగినది నాకు చదివి వినిపించి, సంతకం తీసుకొని వెళ్ళారు. అదే రోజు ఆన్‌లైన్‌లో లైసెన్సు కొన్నాను. అప్పటి ధర ఏడాదికి 169.50 పౌండ్లు, 2025 ఏప్రిల్‌లో అది 174.50కు పెరిగింది. నా విషయం కోర్టు దాకా వెళ్ళలేదు, కాని వెళ్ళి ఉండవచ్చు. లైసెన్సు లేకుండా చూడటం ఇక్కడ కేవలం బాకీ కాదు, నేరం. జరిమానా 1,000 పౌండ్ల వరకు ఉంటుంది, కోర్టు ఖర్చులు అదనం.

తరువాత తీరిగ్గా చదివితే మా వాడి మూడు వాదనలలో ఒక్కటీ నిలబడేది కాదని తెలిసింది. 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం, దాని కింద 2004లో వచ్చిన నిబంధనలు టీవీ రిసీవర్ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోకి కంప్యూటరు, ఫోను కూడా వస్తాయి. చానల్ ఏ దేశానిదన్నది లెక్కలోకి రాదు. ఇక ఆ ముప్పై సెకన్ల ఆలస్యం సంగతి నిబంధనలు రాసినవారు ముందే ఊహించారు: టీవీలో ప్రజలకు అందుతున్న సమయానికే కాదు, దాదాపు అదే సమయానికి ఇంటర్నెట్‌లో అందినా అది టీవీ కార్యక్రమమే. కాబట్టి మీరు చూసుకోవలసినది మీ ముందున్న పరికరాన్ని కాదు, గడియారాన్ని. అదే కార్యక్రమం అదే సమయంలో ఎక్కడో ఒక టీవీ చానల్‌లో నడుస్తున్నదా? నడుస్తుంటే లైసెన్సు కావాలి. నిన్నటి బులెటిన్‌ను ఈ రోజు యూట్యూబ్‌లో చూస్తే అక్కరలేదు, నెట్‌ఫ్లిక్స్‌లో సీరియల్ చూస్తే అక్కరలేదు. బీబీసీ కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో చూపే బీబీసీ ఐప్లేయర్ ఒక్కదానికి మాత్రం 2016 సెప్టెంబరు 1 నుంచి లైవ్ కాకపోయినా లైసెన్సు కావాలి.

మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ తేడాను నాకంటే వేగంగా పట్టుకొన్నారు. శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌లో తిరుమల కల్యాణోత్సవాన్ని లైవ్‌గా చూస్తే అది టీవీ ప్రసారం. వాళ్ళ ఊరి రామాలయం పూజారిగారి అబ్బాయి ఫోనులో తీసి యూట్యూబ్‌లో నేరుగా పెట్టే సీతారాముల కల్యాణం ఏ టీవీలోనూ రాదు కనుక టీవీ ప్రసారం కాదు. "అయితే వెంకన్నకు లైసెన్సు కావాలి, మా రాముడికి అక్కరలేదన్నమాట" అన్నారావిడ. ఇంత స్పష్టంగా నాకు ఏ ఉత్తరంలోనూ ఎవరూ చెప్పలేదు.

విద్యార్థులు తరచుగా చెప్పే ఒక చిట్కా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా బావమరిది లెస్టర్‌లో చదివేటప్పుడు దానినే పట్టుకొని కూర్చున్నాడు. చార్జరు తీసేసి, బ్యాటరీ మీద లాప్‌టాప్ నడిపితే విద్యార్థికి లైసెన్సు అక్కరలేదన్నది ఆ చిట్కా. ఈ నియమం నిజంగానే ఉంది, కాని దానిలో సగమే మనవాళ్ళ చెవిన పడుతుంది. సెలవులలో ఆ విద్యార్థి ఉండే ఇంటికి, అంటే తల్లిదండ్రుల ఇంటికి, లైసెన్సు ఉండాలన్నది మిగిలిన సగం. వీడి తల్లిదండ్రుల ఇల్లు గుంటూరులో ఉంది. గుంటూరు ఇంటికి బ్రిటన్ టీవీ లైసెన్సు ఎక్కడి నుంచి వస్తుంది? బ్రిటన్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు పనికివచ్చే నియమాన్ని మనవాళ్ళు వాట్సాప్‌లో పంచుకొంటూ, బ్యాటరీ అయిపోతుందేమోనని తొందరతొందరగా మ్యాచ్ చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇల్లు పంచుకొని ఉండేవారు అద్దె ఒప్పందాన్ని ఒకసారి తీసి చదవండి. అందరూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే ఇంటికంతటికీ ఒక లైసెన్సు చాలు. గదికొక ఒప్పందం ఉంటే గదికొక లైసెన్సు. నేను వచ్చిన కొత్తలో ఒక ఇంటి యజమాని అన్ని బిల్లులూ అద్దెలోనే అన్నాడు. ఆ అన్నింటిలో కరెంటు ఉంది, గ్యాసు ఉంది, నీళ్ళు ఉన్నాయి, లైసెన్సు మాత్రం లేదు. అడిగితే అది బిల్లు కాదు కదా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇంతకీ ఈ డబ్బు కట్టడం న్యాయమేనా అంటే, బీబీసీ చానళ్ళు ఎన్నడూ చూడని నా వంటివాడు హైదరాబాదు వార్తలు చూసినందుకు బీబీసీకి డబ్బు కట్టడం న్యాయం కాదనే నా గట్టి అభిప్రాయం. మా తాతయ్య పెట్టెలో ఆయన రేడియో లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టి వచ్చేవారట. మన దేశంలో ఆ పద్ధతి 1980లలోనే పోయింది. అందులో కనీసం ఒక తేట ఉండేది: రేడియో ఉంటే కట్టాలి, లేకపోతే లేదు. ఐర్లాండులో నేటికీ దాదాపు అంతే; 160 యూరోలు టీవీ సెట్టుకే కడతారు, ఫోనుకు, లాప్‌టాప్‌కు కాదు. జర్మనీలో 2013 నుంచి చూసినా చూడకపోయినా ఇంటింటికీ వసూలు చేస్తారు. ఈ రెండింటిలోనూ తలుపు దగ్గర నిలబడి, అది లైవా అని అడగవలసిన అవసరం లేదు. బీబీసీ నడవడానికి ఆధారమైన రాయల్ చార్టర్ గడువు 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ తరువాత ఈ పద్ధతి ఇలాగే ఉండదని నేను పందెం కట్టగలను.

అంత వరకు మీరు లైవ్ చూసేటట్లయితే కట్టండి. నిజంగా చూడకపోతే లైసెన్సు అవసరం లేదని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి, ఉత్తరాలు కొంతకాలం ఆగుతాయి. లైసెన్సు తీసుకొన్నవారు తిరిగి ఇండియాకు వెళ్ళిపోయేటప్పుడు మాత్రం దానిని రద్దు చేసుకోవడం మరవవద్దు, మిగిలిన పూర్తి నెలలకు డబ్బు వెనక్కి ఇస్తారు. మా బావమరిది చివరికి లైసెన్సు తీసుకొన్నాడు కాని రద్దు చేయడం మరచి వెళ్ళిపోయాడు. గుంటూరులో కేబుల్‌కు ఒకసారి, లెస్టర్‌లోని ఖాళీ గదికి ఒకసారి, మూడు నెలల పాటు రెండు చోట్లా టీవీకి డబ్బు కట్టాడు.