సభ సరే బిడ్డా, మూడో ఏడు సంగతేంది?

బిడ్డా,

మొన్న సాయంత్రం నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మన పాత డ్రాయింగ్ సార్ కనిపించి చెప్పాడు. సైన్స్ సార్ చనిపోయి వచ్చే నెలకు ఏడాది అవుతోంది కదా, ఆ రోజు స్కూల్లో యాది సభ పెడుతున్నారట, పుస్తకం వేస్తున్నారట, పిల్లలకు ఏటా అతని పేరు మీద ప్రైజు కూడా అనుకుంటున్నారట, అన్నిటికీ నువ్వే ముందున్నావట. విని సంతోషపడ్డాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ చివరి మాట, 'ఏటా' అన్నది, నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే నువ్వు 'సరే సార్, సరే సార్' అని పెట్టేస్తావు.

సభ సంగతి నీకు తెలియనిదేం కాదు. టెంటు, కుర్చీలు, మంచినీళ్లు, మైకు ముందురోజే పరీక్షించుకోవడం. ఫ్లెక్సీ మీద అతని ఫొటో పెద్దగా ఉండాలి, లీడర్ల ఫొటోలు అసలే వద్దు. పిల్లలను ముందు మాట్లాడించు, పెద్దలు తర్వాత. పెద్దలకు మైకిస్తే మళ్లీ చేతికి రాదు, నాతో సహా.

సభకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. కారుణ్య నియామకానికి, అంటే సర్వీసులో పోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగానికి, దరఖాస్తు మనిషి పోయిన ఏడాదిలోపు పెట్టుకోవాలి. అంటే మీ సభ రోజూ, ఆ గడువూ దాదాపు ఒకటే. అతని భార్య డిగ్రీ చదివింది, ఇద్దరు పిల్లలు చిన్నవాళ్లు. దరఖాస్తు పెట్టిందా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వచ్చిందా, ఫైలు ఎక్కడుంది, మీలో ఒకరు ఆఫీసుకు వెళ్లి కళ్లారా చూసి రండి. అతను 2004 సెప్టెంబర్ తర్వాత చేరినవాడు, సీపీఎస్ కిందికి, అంటే జీతంలోంచి కోత పెట్టే కొత్త పెన్షన్ పద్ధతి కిందికి వస్తాడు. సర్వీసులో ఉండగా పోయిన సీపీఎస్ వాళ్లకు కూడా ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చేలా 2021లో జీవో వచ్చింది. గ్రూప్ ఇన్సూరెన్స్, జీవిత బీమా డబ్బులు వచ్చాయో లేదో అడుగు. ఆ అమ్మాయి మొహమాటస్తురాలు, తనంతట తాను చెప్పదు. ఇవన్నీ అయ్యాక పూలదండ సంగతి చూద్దాం.

ఇప్పుడు నా సంగతి. ఇది నేను ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

1993లో మా బళ్లో నాతో పనిచేసే లెక్కల సార్ పోయాడు. 34 ఏళ్లు. స్కూలు నుంచి రాత్రి పొద్దుపోయి బండి మీద వస్తూ, దేవరకొండ రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని చూసుకోలేదు. (నువ్వు చందాల కోసం చీకటి పడ్డాక స్కూటీ మీద తిరుగుతున్నావని కూడా డ్రాయింగ్ సారే చెప్పాడు. వద్దు బిడ్డా. ఫోన్ పే ఉంది కదా, ఇవ్వదలచుకున్నవాడు ఇంట్లో కూర్చునే ఇస్తాడు. రాత్రి తిరగడం మానేయి, ఇది సలహా కాదు.)

సంతాప సభ నేనే పెట్టాను. ఏడుపు ఆపుకోలేని వయసు, చేతిలో మైకు. ఏటా ఈ రోజున లెక్కల్లో ఫస్టొచ్చినవాళ్లకు 101 రూపాయలు, ఒక జామెట్రీ బాక్సు, సార్ వాళ్లమ్మ చేతుల మీదుగా ఇస్తాం అని ప్రకటించేశాను. ఎవరినీ అడగలేదు, ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తల్లి ముందు వరుసలో కూర్చుని రెండు చేతులెత్తి దండం పెట్టింది.

ఆమెది మర్రిగూడ వైపు ఊరు. ఫ్లోరైడ్ బోరు నీళ్లకు మోకాళ్లు వంగిపోయి, కర్ర లేకుండా నాలుగు అడుగులు వేయలేదు. 94లో వచ్చింది, 95లో వచ్చింది. రెండుసార్లూ బస్టాండు నుంచి నేనే తీసుకొచ్చాను. ప్రైజిచ్చేటప్పుడు ఆ పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీసేది కాదు.

96 ఎలక్షన్ల సంవత్సరం. నల్గొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డ ఏడు అది. మా ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జనం నామినేషన్లు వేస్తే, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమంత అయింది. మేం ఆ ఎలక్షన్ డ్యూటీ గొడవలో ఉన్నాం. ఒంటిపూట బళ్లు. తేదీ ఎవరికీ యాదిలో లేదు. నాక్కూడా.

ఆమె వచ్చింది. బస్సు ఆలస్యమై, బడి వదిలాక వచ్చింది. అటెండరు ఒక్కడే తాళాలు వేస్తున్నాడట. వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుందట, సార్లు వస్తారేమోనని. వెళ్లేటప్పుడు ఒక గుడ్డ మూట అతని చేతికిచ్చి 'పిల్లలకు పెట్టు బిడ్డా' అందట. మురుకులు. అతను స్టాఫ్ రూం బీరువాలో పెట్టి నాకు చెప్పడం మరిచిపోయాడు. నాలుగు రోజుల తర్వాత నేను తలుపు తీసేసరికి మూట మీద చీమల బారు, నువ్వుల రంగు గుడ్డ, దానికి రెండు ముళ్లు. ఒకటి విప్పాను, రెండోది విప్పలేకపోయాను.

వెంటనే వెళ్లానా? లేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలని రెండు నెలలు వాయిదా వేశాను. పోయినప్పుడు ఒక్క మాట అనలేదు ఆమె. చాయ్ పెట్టించింది. 'ఈసారి ఫస్టు ఎవరికొచ్చింది సారూ?' అని అడిగింది. నేను ఒక పిల్లవాడి పేరు చెప్పాను. అలాంటి పిల్లవాడు మా బళ్లో లేడు. 'ఏ ఊరోడు?' అంది. ఊరు కూడా చెప్పాను.

అందుకే చెబుతున్నా, మైకులో 'ఏటా' అనొద్దు. అనాలంటే ముందు యాభై వేలు పోగుచేసి బ్యాంకులో ఫిక్స్‌డ్ వేయండి, వడ్డీ ఏడు శాతం అనుకున్నా ఏడాదికి 3,500 వస్తుంది, ఒక ప్రైజుకు సరిపోతుంది. ఖాతా హెడ్మాస్టర్ హోదా మీద ఉండాలి, నీ పేరు మీద కాదు, రేపు నీకు ట్రాన్స్‌ఫర్ అయితే? తేదీ స్టాఫ్ రూం గోడ మీద పెయింటుతో రాయించండి. అతని వాళ్లింటికి వారం ముందు ఎవరు ఫోన్ చేయాలో కూడా రాయించండి. అంత డబ్బు కాకపోతే ప్రైజు మాటే వద్దు, సభతో ఆపండి. అందులో తప్పేం లేదు.

పుస్తకం గురించి రెండు మాటలు. 'స్నేహశీలి, మృదుస్వభావి' అని రాసినవాళ్ల కాగితాలు వెనక్కి పంపు. ఒక్కొక్కరిని ఒక్క సంఘటన అడుగు. అతను రెండు బకెట్లలో బోరు నీళ్లు పోసి, ఒకదాంట్లో ఫ్లోరైడ్ తగ్గడానికి సున్నం, పటిక కలిపి, తేరుకునేదాకా పిల్లలను కదలనిచ్చేవాడు కాదు చూడు, 'ప్రపంచమంతా దీన్ని నల్గొండ టెక్నిక్ అంటది, మీకు తెల్వకపోతే సిగ్గు' అని అరిచేవాడు, అది రాయించు. చాయ్ హోటల్లో ఎప్పుడూ బాకీ ఉండేవాడు, ప్రేయర్‌కు ఆలస్యంగా వచ్చేవాడు, అదీ రాయించు. దేవుణ్ణి చేస్తే ఆ పిల్లలు పెద్దయ్యాక నాన్నను గుర్తుపట్టలేరు. అచ్చుకు పోయేముందు అంతా అతని భార్యకు చదివి వినిపించు, ఆమె వద్దన్నది తీసెయ్యి, ఎందుకని అడక్కు. నీ ఫోన్లో అతని వాయిస్ మెసేజులుంటే ఈరోజే వేరే చోట దాచు. ఫోన్లు పోతాయి.

నువ్వు కూడా సరిగ్గా తింటున్నావా? అతను పోయినప్పటి నుంచి అతని క్లాసులు కూడా నువ్వే చెబుతున్నావని విన్నాను. సభ ఒక నెల వెనక్కి పోయినా కొంపలు మునగవు, దరఖాస్తు ఒక్కటి మాత్రం ఆగకూడదు.

ఫిక్స్‌డ్‌కు నా వంతు ఐదు వేలు. బ్యాంకుకు వెళ్లే రోజు చెప్పు, నేనూ వస్తా. పొద్దున పూట పెట్టు. బస్సులో రా.