కొత్త బండి సీటు ఊగుతోంది.. డీలరు తిప్పుకుంటున్నాడు

సందేహం: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. రోజూ బండి మీదే వెళ్లొస్తాను. గత దసరాకి శ్రీకాకుళంలోని ఒక షోరూములో కొత్త మోటారు సైకిలు తీసుకున్నాను. అన్నీ కలిపి 1,18,000 రూపాయలైంది. నెల తిరక్కుండానే సీటు వెనకవైపు ఊగడం మొదలైంది. లాక్ పడినా చేత్తో ఎత్తితే పైకి లేచిపోతోంది. నేను కూర్చునే చోట ఫోమ్ కుంగిపోయి అడుగు ప్లాస్టిక్ తగులుతోంది. మూడుసార్లు సర్వీసుకి ఇచ్చాను. ఒకసారి బోల్టు బిగించామన్నారు, ఇంకోసారి రబ్బరు ముక్క పెట్టారు. మూడోసారి బండి వారం పైగా ఉంచుకుని, సీటుకి వారంటీ లేదని చెప్పి, కొత్త సీటు వేశామంటూ 2,600 రూపాయలు తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు. ఇంటికొచ్చి సీటు తీసి చూస్తే అడుగున ఎండిపోయిన ఎర్రమట్టి ఉంది. అదీ కొద్ది రోజులకే ఊగడం మొదలుపెట్టింది. మొన్న స్పీడ్ బ్రేకర్ దగ్గర సీటు లేచి నా భార్య పడబోయింది. మేనేజర్‌ని అడిగితే "సీటే కదా బాబూ, బండి నడుస్తోంది కదా" అంటున్నారు. బండి వెనక్కిచ్చి డబ్బు అడగొచ్చా? బిల్లు మీద 'వివాదాలన్నీ శ్రీకాకుళం కోర్టుల పరిధిలోనే' అని ఉంది. ప్రతి వాయిదాకీ అక్కడికి తిరగాలా?
- ఒక పాఠకుడు, చీపురుపల్లి

సమాధానం: కేసు సంగతి తర్వాత. ఆ సీటు గట్టిగా నిలిచేదాకా మీ భార్యను ఆ బండి ఎక్కించకండి. రోజూ హైవే మీద వెళ్లే మనిషి మీరు. మీరు కూడా కొన్నాళ్లు బస్సులోనో, తెలిసినవాళ్ల బండి మీదో వెళ్లగలిగితే మంచిది.

"సీటే కదా" అన్న మేనేజర్ మాట చట్టం ముందు నిలవదు. వెనక కూర్చునే మనిషి, బండికి గట్టిగా బిగించి ఉన్న సరైన సీటు మీదే కూర్చోవాలని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. దాన్ని అతిక్రమించి బండి నడిపితే 194సి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సుపై అనర్హత. లాక్ పడినా పైకి లేచే సీటును 'గట్టిగా బిగించిన సీటు' అని ఎవరూ అనలేరు. అంటే చట్టప్రకారం వెనక మనిషిని ఎక్కించుకోవడానికి వీల్లేని బండిని మీ చేతికిచ్చి, లక్షా పద్దెనిమిది వేలు తీసుకున్నారు. మీరు డీలరుకి పంపే నోటీసులో ఈ సంగతే ముందు రాయండి. కూర్చోవడానికి ఇబ్బందిగా ఉందని రాస్తే అదొక చిన్న అసౌకర్యంలా కనిపిస్తుంది. ఇది భద్రత విషయం, దాన్ని అలాగే చెప్పాలి.

సీటుకి వారంటీ లేదన్న మాట పూర్తిగా నమ్మకండి. వారంటీ పుస్తకం తీసి మినహాయింపులున్న పేజీ చదవండి. సాధారణంగా అక్కడ వాడకం వల్ల అరిగిపోయే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, సీటు కవరు లాంటివి ఉంటాయి. నెలలోపే లాక్ పట్టకపోవడం అరుగుదల కాదు, తయారీలోనో బిగింపులోనో ఉన్న లోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 2(10) సెక్షన్ ప్రకారం నాణ్యతలోగానీ ప్రమాణంలోగానీ ఏ కొరత ఉన్నా అది లోపమే. వస్తువు ఏ పనికోసం అమ్మారో ఆ పనికి పనికిరావాలని 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్ కూడా చెబుతోంది. ఫోమ్ కుంగిపోవడం దగ్గర మాత్రం మీరు కొంచెం బలహీనంగా ఉన్నారు. రోజూ అంత దూరం వాడితే కుంగదా అని వాళ్లు వాదిస్తారు. అందుకే ఫిర్యాదులో లాక్‌ని ముందు పెట్టి, ఫోమ్‌ని దాని వెనక పెట్టండి.

ఇక ఎర్రమట్టి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. పాత వస్తువునీ, వాడిన వస్తువునీ కొత్తదని చెప్పి అంటగట్టడం వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టి ఉంటే ఆ లావాదేవీ స్క్రీన్‌షాట్ చాలు. చేతికిచ్చి ఉంటే, "సీటుకి 2,600 తీసుకున్నారు, బిల్లు ఇంకా ఇవ్వలేదు, పంపండి" అని సర్వీసు సెంటర్ నంబరుకి ఇప్పుడే వాట్సాప్ చెయ్యండి. వాళ్లు బదులిచ్చినా, చూసి ఊరుకున్నా మీకు పనికొస్తుంది.

సీటును మళ్లీ కడగకుండా, తుడవకుండా పగటి వెలుతురులో ఫోటోలు తీయండి. ట్యాంకు కిందికి దూరే ముందువైపు కొక్కెం, అడుగున నాలుగు మూలలా ఉండే రబ్బరు బుష్షులు, లాక్‌లో దిగే ఇనుప కొక్కీ, అది ప్లాస్టిక్‌కి అతుక్కున్న చోట పగుళ్లేమైనా ఉంటే అవి, ఒక్కొక్కటీ దగ్గరగా తీయాలి. అడుగు ప్లాస్టిక్ మీద చాలావాటికి చిన్న గుండ్రటి అచ్చు ఉంటుంది. అందులో అది తయారైన సంవత్సరం, నెల కనిపిస్తాయి. అది మీ బండి కంటే బాగా పాతదైతే ఫోటో తీసుకోండి. అయితే దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి, స్టోరులో మిగిలిపోయిన పాత సరుకని వాళ్లు తప్పించుకోవచ్చు. మట్టికి మాత్రం అలాంటి జవాబు లేదు. స్టోరులోంచి కవరు విప్పి తీసిన సీటుకి బుష్షుల సందుల్లో ఎర్రమట్టి ఎలా పడుతుంది? ఆ తర్వాత సీటు బిగించి, లాక్ వేసి, తాళం చెవి తీసేసి, వెనక అంచు చేత్తో ఎత్తుతూ చిన్న వీడియో తీయండి. నంబరు ప్లేటు, కిలోమీటర్ల మీటరు అదే వీడియోలో కనపడాలి.

ఇంత చెప్పినా, ఇలాంటి కేసులు గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా జాబ్ కార్డు (బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు సమస్య రాసే కాగితం) దగ్గరే. మీ మూడు జాబ్ కార్డులూ తీసి చూడండి. మీరు నోటితో చెప్పింది 'సీటు లేచిపోతోంది' అని. అక్కడ రాసింది 'జనరల్ చెకప్' అని ఉంటే ఆశ్చర్యం లేదు. బండి తిరిగి తీసుకునేటప్పుడు, పనితో సంతృప్తి చెందానన్న అచ్చు వాక్యం కింద చదవకుండానే సంతకం పెట్టేస్తాం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు డీలరు చూపించేది ఆ కాగితమే. ఇకమీదట బండి ఇచ్చేటప్పుడు 'లాక్ వేసినా సీటు వెనక లేస్తోంది, ఇది నాలుగోసారి' అని మీ మాటల్లోనే రాయించండి. రాయనంటే మీరే పెన్నుతో రాసి, ఫోటో తీసుకుని, ఆ తర్వాతే తాళం ఇవ్వండి. తీసుకునేటప్పుడు సమస్య తీరకపోతే సంతకం పక్కన 'సీటు ఇంకా ఊగుతోంది' అని రాయండి. మొహమాటపడకండి. పాత కార్డుల నకళ్లు మీ దగ్గర లేకపోతే ఈమెయిల్ పెట్టి అడగండి.

బండి వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడగొచ్చా అన్నారు. అడగొచ్చు, కానీ వద్దంటాను. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, కారులో క్లచ్ భాగం లోపమైతే ఆ భాగాన్ని మార్చాలేగానీ కారు మొత్తం మార్చమనడం కుదరదని చెప్పింది. మీ బండికి ఇంజను, బ్రేకులు బాగున్నట్టే ఉన్నాయి. బండి మొత్తం అడిగితే వాళ్ల లాయరు ఈ తీర్పు పట్టుకుని మిమ్మల్ని అత్యాశపరుడిలా చూపిస్తారు. మీరు అడగాల్సింది ఇదీ: లాక్, కొక్కీ, బుష్షులతో సహా కంపెనీ కొత్త సీటు, తీసుకున్న 2,600 వడ్డీతో వాపసు, బండి సర్వీసులో ఉన్న రోజుల ప్రయాణ ఖర్చు, పడిన టెన్షన్‌కి పరిహారం, కేసు ఖర్చులు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 39వ సెక్షన్ కింద ఇవన్నీ ఇప్పించే అధికారం కమిషన్‌కి ఉంది. కొత్త సీటు వేశాక కూడా లాక్ పట్టకపోతే అప్పుడు లోపం ఛాసిస్‌లో (బండి చట్రంలో) ఉన్నట్టు. అప్పుడు బండి మార్చమని అడగడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

డీలరు ఒక్కరినే కాదు, తయారుచేసిన కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. ఇక్కడొక చిక్కుంది. డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపకపోతే దానికి కంపెనీని బాధ్యుణ్ణి చెయ్యలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కంపెనీకి తెలిసేలా చేసే బాధ్యత మీదే. కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి ఫోటోలు, వీడియో జతచేసి ఈ వారమే పంపండి. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. దాంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యండి. చాలా కంపెనీలు ఆ దారిలో వచ్చినవాటికి త్వరగా కదులుతాయి.

డీలరుకీ, కంపెనీకీ స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. లాయరు నోటీసే అక్కర్లేదు, మీరే రాయొచ్చు. ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన మీ దగ్గర కొన్న ఫలానా నంబరు బండి సీటు లాక్ పట్టడం లేదు. ఈ ఈ తేదీల్లో మూడుసార్లు ఇచ్చినా బాగవలేదు. కొత్త సీటని చెప్పి 2,600 రూపాయలు తీసుకుని, బిల్లు ఇవ్వకుండా వాడిన సీటు బిగించారు. మనిషి కూర్చోవడానికి ఈ బండి సురక్షితంగా లేదు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా కొత్త సీటు ఉచితంగా అమర్చి, నా డబ్బు వాపసు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను." కోపం మాటలేవీ చేర్చకండి.

వాయిదాలకి శ్రీకాకుళం తిరగాల్సిన పనిలేదు. 1986 నాటి పాత చట్టంలో ఆ ఇబ్బంది ఉండేది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లో కూడా కేసు వేయొచ్చు. మీది చీపురుపల్లి కాబట్టి విజయనగరం జిల్లా కమిషన్‌కి వెళ్లండి. బిల్లు మీద ఉన్న ఆ అచ్చు చూసి వెనక్కి తగ్గకండి. ఉద్యోగానికి వెళ్లొచ్చే బండి కాబట్టి వ్యాపార వాడకానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు అన్న అభ్యంతరం కూడా మీకు తగలదు. చెల్లించిన ధర 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్లోనూ దాఖలు చెయ్యొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. మధ్యమధ్యలో రిపేరుకిచ్చాం కాబట్టి గడువు పెరుగుతుందని అనుకోకండి, కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

వస్తువును పరీక్షించే అవసరం లేకపోతే ప్రతివాదికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, కానీ ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. డీలరు 'లోపమే లేదు' అంటే నిపుణుడి మాట కావాలి. అనుభవమున్న మెకానిక్ చేత, షాపు ముద్రతో, ఏది ఎందుకు పట్టడం లేదో రాయించి ఉంచుకోండి. తర్వాత అవసరమైతే అఫిడవిట్ ఇవ్వడానికి ఆయన ఒప్పుకోవాలి. కేసు తేలేదాకా ఆగలేకపోతే, ఆధారాలన్నీ సేకరించాక వేరే అధీకృత సర్వీసు సెంటర్లో పక్కా బిల్లుతో సీటు వేయించుకుని ఆ ఖర్చు కూడా కలిపి అడగండి. ఇప్పుడున్న మట్టి సీటును మాత్రం ఎవరికీ ఇవ్వకండి. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి.

నోటీసు అందగానే డీలరు పిలిచి రాజీకి రావచ్చు. అలా జరిగితే మంచిదే, వెళ్లండి. మీ కళ్లముందే కవరు విప్పిన సీటు బిగించాలి, దాని పార్టు నంబరు బిల్లులో ఉండాలి, 2,600 మీ ఖాతాలో పడాలి. 'ఇకపై ఎలాంటి ఫిర్యాదూ లేదు' అన్న కాగితం మీద సంతకం మాత్రం అక్కడికక్కడే పెట్టొద్దు. రెండు వారాలు బండి నడిపి, సీటు కదలకుండా నిలిచిందని చూసుకున్నాక వచ్చి పెడతానని చెప్పండి.